నూరుసార్లు వాలిన గద్ద

మంచుకొండ శిఖరం ఎక్కి తీరాలని అడవిలో జంతువులన్నీ పట్టుబట్టాయి. దారి చూపేందుకు ఎవరిని పెట్టుకోవాలా అని పంచాయితీ పెట్టాయి.

"ఆ శిఖరం మీద నూరుసార్లు వాలాను" అంది గద్ద.

"నేను ఏడుసార్లు బయల్దేరి, ఆరుసార్లు సగంలోనే వెనక్కొచ్చేశాను" అని ఒప్పుకున్నాడు కొండమేక తాత.

ఎలుగుబంటి పగలబడి నవ్వింది. అందరూ గద్దకే జై కొట్టారు.

ఆనాటి నుంచి కుందేలుకు తిండి సయించలేదు. వెళ్లకపోతే పిరికిదంటారు. వెళ్తే బొరియలో పిల్లలు ఏమైపోతారోనని దిగులు. మూటలు కట్టే రోజున ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"గద్ద మామా, మంచు మీద కాలు జారే చోటు ఎక్కడొస్తుంది?"

"జారడమా? నేనెప్పుడూ జారలేదే!"

"పైనుంచి రాళ్లు దొర్లితే ఎక్కడ దాక్కోవాలి?"

"రాళ్లా? అవెక్కడో కింద పడుంటాయి, మనకెందుకు?" అని గద్ద రెక్కలు విదిల్చింది.

మూటలు కట్టడం ఆగిపోయింది. ఎలుగుబంటి తల వంచి తన కాళ్లవంక చూసుకుంది. మెల్లగా వెళ్లి కొండమేక తాత పక్కన చేరింది.

"తాతా, ఆ ఆరుసార్లూ ఎక్కడెక్కడ ఆగిపోయావో కాస్త చెప్పవా?"