మీ వారి సంతకం

“ఒక్కరేనా అమ్మా?” గేటు దగ్గర మనిషి అడిగాడు.

నాగజ్యోతికి ఒళ్ళు మండింది. ఎక్కడికెళ్ళినా ఇదే ప్రశ్న.

“ఒక్కదాన్నే. ఏం, లోపలికి రానివ్వరా?”

“అయ్యో, అదేం లేదండి. ఎక్కడైనా కూర్చోండి. హాలంతా మీదే.”

నిజంగానే హాలు ఖాళీ. తెనాలిలో పొద్దున పదకొండింటి ఆట. పేరున్న హీరో లేడు, పాటల్లేవు. ఎవరొస్తారు? గోడ మీద ఒకే ఒక్క పోస్టరు. పరుగు గీతల మీద వంగి నిలబడిన అమ్మాయి. కింద ‘రచన, దర్శకత్వం: తనూజ’. ఆ పేరు ముందు కాసేపు నిలబడి లోపలికి నడిచింది.

నిన్న తనూజ నుంచి ఫోనులో మెసేజి వచ్చింది. ఊరు, హాలు పేరు, టైము. అంతే. రమ్మనీ లేదు, వద్దనీ లేదు. ఉండబట్టలేక రేపల్లెలో ప్యాసింజరెక్కింది.

మూడో వరసలో కూర్చుంది. అంత ఖాళీ ఉన్నా ఒక పెద్దాయన వచ్చి పక్క కుర్చీలోనే కూలబడ్డాడు.

“నా పేరు బసవేశ్వరరావు. మాది చుండూరు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశా. ఆటల సినిమా అంటే వచ్చా. లెక్కపెట్టానమ్మా, పద్నాలుగు మందిమి ఉన్నాం. కబడ్డీకి సరిపోతాం.”

ఆమెకు నవ్వు రాలేదు. లోపల ఒకటే భయం. నా మాటల్ని ఈ పిల్ల ఏం చేసింది?

ఆ కథ ఆమెది. పాతికేళ్ళు ఎవరికీ చెప్పలేదు. పోయినేడు తనూజ ఎదురుగా కూర్చుని, ఫోను రికార్డింగులో పెట్టి, “అసలు పరుగెందుకు మానేసినట్టు?” అని అడిగింది. ఎందుకో ఆ రోజు నోరు ఆగలేదు. మొత్తం చెప్పేసింది.

బాపట్లలో పరిగెత్తేది. ఎనిమిది వందల మీటర్లు. అంటే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. రెండో రౌండు మొదలవగానే గంట కొడతారు. ఆ గంట వింటే ఆమె కాళ్ళకి పిచ్చెక్కేది. రాష్ట్రం జట్టులో పేరొచ్చింది. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. పెళ్ళయి ఎనిమిది నెలలు. క్యాంపు నెల రోజులుందనగా నెల తప్పింది.

ఇప్పుడొద్దు అనుకుంది. బాపట్లలో ఆసుపత్రికి వెళ్ళింది.

“ఒక్కదానివే వచ్చావా? మీ వారి సంతకం తీసుకురా.”

తెనాలి వెళ్ళింది. మీ వారి సంతకం. రేపల్లె వెళ్ళింది. మీ వారి సంతకం. ఆ వారు సంతకం పెట్టలేదు. “పరిగెత్తింది చాల్లే” అన్నాడు.

అసలు ఆ సంతకం చట్టంలోనే లేదు. పద్దెనిమిది నిండిన ఆడదానికి తన సంతకమే చాలు. ఈ ముక్క ఆమెకు చెప్పిన నాథుడు లేడు. మూడు ఊళ్ళలో ఒక్కడు లేడు.

ఇక్కడిదాకా విన్న తనూజ, ఆ తర్వాత ఏమైందని అడగలేదు. రికార్డింగు ఆపింది. చెప్పులేసుకుంది. బస్సెక్కి పోయింది. ఏడాదిపాటు ఫోను లేదు. చేస్తే ఎత్తలేదు. చెప్పకుండా ఉండాల్సిందని నాగజ్యోతి గోడలతో చెప్పుకుంది. సంతకం పెట్టని ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు.

లైట్లు ఆరాయి.

తెర మీద అమ్మాయి పరిగెత్తింది. ఆసుపత్రి వచ్చింది. నర్సు తలెత్తకుండానే అడిగింది, “మీ వారి సంతకం?”

నాగజ్యోతి పిడికిళ్ళు బిగించింది. ఇక వెళ్ళిపోదామనుకుంది. అప్పుడు తెర మీద నర్సు వెనక నుంచి డాక్టరమ్మ వచ్చింది.

“నీకెన్నేళ్ళమ్మా?”

“పంతొమ్మిదండి.”

“అయితే నీ సంతకం చాలు. నీ పేరు నువ్వు రాసుకోగలవుగా?”

అమ్మాయి రాసింది. తర్వాత గ్రౌండు. గంట మోగింది. రెండో రౌండు.

అలా జరగలేదు. ఆమెకు ఏ గంటా మోగలేదు. అయినా చీకట్లో ఆమె కాళ్ళు ఆగలేదు.

“ఏంటమ్మా, నా కుర్చీ కూడా ఊగిపోతోంది” అన్నాడు మాస్టారు.

లైట్లు వెలిగాయి. నలుగురు చప్పట్లు కొట్టారు. తనూజ మైకు పట్టుకుని ముందుకొచ్చింది. ఒక్కచోట నిలబడలేకపోతోంది. పందెం మొదలెట్టబోతున్నట్టు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. మూడో వరస వైపు చూడలేదు.

మాస్టారు లేచాడు.

“పరుగు బాగా తీశావమ్మా, కాదనను. ఒకటడుగుతా, ఏమనుకోవద్దు. ఆ అమ్మాయి చేత మాట్లాడించావు, డాక్టరు చేత మాట్లాడించావు. కడుపులో బిడ్డ తరఫున ఒక్కరన్నా మాట్లాడారా ఇందులో?”

“నేను మాట్లాడుతున్నాగా మాస్టారూ.”

“నువ్వా? నువ్వెట్టా మాట్లాడతావు?”

“ఆ బిడ్డని అడిగితే ఏమంటుందో నాకు తెలుసండి. ‘ముందు ఆమెని అడగండి’ అంటుంది.”

“బానే ఉంది వరస” అని గొణుక్కుంటూ ఆయన కూర్చున్నాడు.

నాగజ్యోతి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఎవరినీ పలకరించకుండా, తలొంచుకుని, గబగబా గుమ్మం వైపు నడిచింది.

మైకు కుర్చీలో పడేసి, వరసల మధ్య పరిగెత్తుకుంటూ వచ్చి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఆగవే అమ్మా, రేపల్లె బండికింకా టైముంది, కలిసే ఇంటికి పోదాం” అంది ఆ బిడ్డ.