పసుపా, ఆకుపచ్చా?

“ఏ రంగు తమ్ముడూ?” సిరంజిని కిటికీ వెలుగులోకి ఎత్తి పెద్దాయన అడిగాడు.

బక్కాయన దగ్గరికొచ్చాడు. ఆ గదిలో ఉన్నది వాళ్లిద్దరే. విమానంలోకి ఎక్కించే ముందు ప్రతి ట్యాంకరు ఇంధనాన్నీ ఇద్దరూ పరీక్షించాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. సిరంజి మూతికి తగిలించిన బిళ్ళ గుండా కాస్త ఇంధనం లాగి, ఆ బిళ్ళను రంగుల అట్టతో పోల్చి చూడాలి. పసుపుగానే ఉంటే సరే. ఆకుపచ్చకు తిరిగిందంటే నీళ్లు కలిసినట్టు. పైకెగిరాక ఆ నీళ్లు చలికి గడ్డకడితే ఇంజను ఆగిపోతుంది.

పెద్దాయన కంటికి మాత్రం బిళ్ళ బూడిద రంగులో ఉంది. అట్టా అంతే. బక్కాయన చొక్కా, బయటి ఆకాశం, అన్నీ బూడిదే. ఎనిమిది నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ రంగుల్ని కూడా పట్టుకుపోయింది. చెబితే ఉద్యోగం ఊడుతుందని గుట్టు కడుపులో దాచుకున్నాడు. అప్పటినుంచి తాను ముందు నోరు విప్పడు. బక్కాయన ఏమంటే దానికే తలూపి సంతకం పెడతాడు. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క ట్యాంకరు కూడా వెనక్కి వెళ్లలేదు.

ఫోన్ మోగింది. కూతురు.

“నాన్నా, మా విమానానికి నువ్వే చూస్తున్నావటగా! ఇవాళే మొదటిసారి నేను నడిపేది. నీ చెయ్యి పడ్డాక ఇంక నాకు భయమేంటి?”

“జాగ్రత్తమ్మా” అన్నాడు. ఫోన్ పెట్టేసి బక్కాయన వైపు తిరిగాడు.

“నిదానంగా చూసి చెప్పు. తొందరేం లేదు.”

బక్కాయన ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు. లోపలి వణుకు బయటపడకుండా పెద్దాయన మొహానికి నవ్వు పులుముకున్నాడు.

“పసుపే గురువుగారూ. సందేహమే లేదు.”

ఇద్దరూ సంతకాలు పెట్టారు. అరగంటకు విమానం లేచింది. బీరువాలో సీసాలన్నీ గలగలలాడి, ఒక్కసారిగా ఊరుకున్నాయి.

పెద్దాయన ఇక దాచలేకపోయాడు.

“తమ్ముడూ, ఒక మాట చెప్పాలి. నాకు రంగులు కనబడి ఎనిమిది నెలలైంది. గుడ్డివాడికి చేతికర్రలా నువ్వుండబట్టి గట్టెక్కాను. ఇవాళ నా బిడ్డ ప్రాణం కూడా నీ కళ్ల మీదే పెట్టాను. రేపే పైవాళ్లకు చెప్పేస్తా. నన్ను తిడతావో, కొడతావో నీ ఇష్టం.”

బక్కాయన తిట్టలేదు. అతను తుడుస్తున్న సిరంజి చేతిలోంచి కింద పడింది.

“ఇన్నాళ్లూ నేను మీ మొహం చూసి చెబుతున్నాను గురువుగారూ.”