మూడో పిలుపు

విమానాల్లో ఫోన్లు మాట్లాడుకోనిచ్చి పదేళ్లయింది. అప్పటి నుంచి నా ఉద్యోగమల్లా గొంతు పెంచినవాళ్ల దగ్గరికెళ్లి తగ్గించమనడమే.

ఇరవై రెండో వరుసలో రాజలింగం. మస్కట్ నుంచి తమ్ముడి చావుకు వెళుతున్నాడు.

"జర ఆగున్రి. పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంట," అని ఫోన్‌లో బతిమాలుతున్నాడు.

"ఫోన్ల కనవడుతనే ఉన్నవు గదనే అన్నా, ఇంక ఆగుడెందుకు?" అన్నాడు అవతల చిన్నాన్న కొడుకు.

ఒకప్పుడు విమానం దిగేదాకా శవం ఆగేది. ఇప్పుడు ఎవరూ ఆగరు. అవతల ఊళ్లో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాడు లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పేరు పిలిచే చోటది. ఫోన్‌ను తమ్ముడి చెవికి ఆనించారు.

"పోశెట్టీ!"

చుట్టూ నలభై మంది పెళ్లి భోజనాల గురించీ ప్లాట్ల గురించీ ఫోన్లలో అరుస్తున్నారు. వాళ్లను మించి అరిచాడు. "ఒరే పోశెట్టీ!"

ముందు సీటాయన తన ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టి బెల్లు నొక్కి నన్ను పిలిచాడు. "ఆయన్ని కాస్త తగ్గించమనమ్మా. నా మాటలు అవతలికి వినపడటం లేదు."

ఒకడుగు వెనక్కి వేశాను. నా పని నేను చేశాను. "సార్, కొంచెం మెల్లగా."

రాజలింగం తలూపాడు. మూడోసారి ఎంత మెల్లగా పిలిచాడంటే, పక్కనే నిలబడ్డ నాకే వినపడలేదు.