పదేళ్ళ ఆయాసం

ఆసుపత్రి గడప తొక్కకుండా డెబ్బై ఏళ్ళు నెట్టుకొచ్చినవాణ్ణి నేను. పర్చూరు చుట్టుపక్కల ఏ డాక్టరూ నా నాలుక చూసిన పాపాన పోలేదు.

మా పిచ్చయ్య సంగతి అలా కాదు.

పత్తి మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్ళ వైద్యానికి మిల్లు కొంతవరకే ఇస్తుంది. ఆ పైన పడేదానికి ఇన్సూరెన్సు కంపెనీ ఇంకో పాలసీ అమ్ముతుంది.

ముసలెద్దు ధర ఏటేటా తగ్గుతుంది. ముసలిమనిషి ప్రీమియం మాత్రం ఏటేటా పెరుగుతుంది. ఇదేం న్యాయమో ఆ కంపెనీకే తెలియాలి.

ఇద్దరికీ కట్టే స్తోమత లేదు. పిచ్చయ్య చుట్ట మానేసి, భార్య వెంకటేశ్వరమ్మ ఒక్కదాని పేరునే కట్టాడు.

“మరి నీకో?” అన్నాను.

“నాకేం బావా, గుండ్రాయిలా ఉన్నా. అది మంచాన పడితే నాకు కూడెవరు వండుతారు?”

మా వైపు మగాళ్ళకి ప్రేమని అంతకంటే బాగా చెప్పడం రాదు.

మరుసటేడు, అంటే రెండువేల మూడులో, మిరప కోతలప్పుడు వెంకటేశ్వరమ్మకి ఆయాసం మొదలైంది. బోరింగు దాకా వెళ్ళి బిందెతో తిరిగి రాలేకపోయేది. పదిహేను రోజులు చూసి గుంటూరు తీసుకెళ్ళాం.

అవును, తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. సరే, గడప తొక్కాను. పనిలో పనిగా నాలుక కూడా చూపించుకున్నాను. బీపీ ఉందన్నారు. కథలోకి రండి.

డాక్టరు గది బయట బెంచీ మీద, వెలిసిపోయిన సఫారీ సూటులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో మందుల చీటీ లేదు, పక్కన రోగి లేడు.

“ఇన్సూరెన్సు ఉందా అండీ?” అనడిగాడు.

“ఉంటే?” అన్నాడు పిచ్చయ్య.

“లోపల ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక్క రోజు కూడా కలపొద్దు.”

పిచ్చయ్యకి ఒళ్ళు మండింది. “డాక్టరుకి ఏం చెప్పాలో నువ్వు నేర్పుతావా? ఎవడి బ్రోకరువయ్యా నువ్వు?”

ఈలోపు లోపల్నుంచి పిలుపొచ్చింది.

మా వైపు ఒక అలవాటుంది. డాక్టరు దగ్గర జబ్బుని పెంచి చెబుతాం. నిన్న మొదలైందంటే చేతిలో బిళ్ళ పెట్టి పంపేస్తాడని భయం. ఏళ్ళ తరబడి అంటేనే మెడలోంచి ఆ గొట్టం తీస్తాడని నమ్మకం.

“ఎన్నాళ్ళ నుంచమ్మా ఆయాసం?” అన్నాడు డాక్టరు.

ఆవిడ నోరు తెరిచేలోపు పిచ్చయ్య అందుకున్నాడు. “పదేళ్ళ నుంచండీ! పాపం, కంటినిండా నిద్ర ఎరగదు.”

డాక్టరు రాసుకున్నాడు.

తలుపు తోసుకుని సఫారీ సూటాయన లోపలికొచ్చాడు. “డాక్టరుగారూ, ఆ మాట రాయకండి! అమ్మా, మీరు చెప్పండి, నిజంగా ఎప్పటి నుంచి?”

పిచ్చయ్య ఆయన కాలరు పట్టుకున్నాడు. “మా ఆవిడ ప్రాణాల మీదికొస్తే నీకు అబద్ధంగా ఉందా? ఎవడ్రా నువ్వు?”

ఆయా, వాచ్‌మన్ కలిసి ఆయన్ని మెట్ల దాకా ఈడ్చుకెళ్ళారు.

“నన్ను కొట్టినా సరే, ఆ మాట తీయించండి!” అని అరుస్తూనే ఉన్నాడు.

గుండెకి ఆపరేషన్ అన్నారు. మిల్లు ఇచ్చింది మందులకే చాల్లేదు. పాలసీ డబ్బు రాగానే విడిపిస్తానని పిచ్చయ్య ఉన్న ఒక్క మిరప చేనూ తాకట్టు పెట్టాడు.

వెంకటేశ్వరమ్మ లేచి తిరిగింది. డబ్బు మాత్రం రాలేదు.

పదేళ్ళ నాటి జబ్బట. పాలసీకి ముందుదట. ఇవ్వరట.

చేను వడ్డీవ్యాపారి పాలైంది. ఆ రోజే పిచ్చయ్య నన్ను వెంటేసుకుని ఇన్సూరెన్సు ఆఫీసులో దూరాడు.

“కట్టించుకునేటప్పుడు మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు! మా ఆవిడ చేతి మజ్జిగ తాగారు! ఇచ్చేటప్పటికి నోరు పడిపోయిందా?”

“పదేళ్ళని మీరే అన్నారు కదండీ,” అన్నాడు ఆఫీసరు.

“మాటవరసకి అన్నానయ్యా! మాటవరసకన్నదానికి చేను లాక్కుంటారా?”

ఆఫీసరు ఫైలు మూసి పక్కన పెట్టాడు.

పిచ్చయ్య గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. “ఆసుపత్రిలో సఫారీ సూటాయన వద్దని మొత్తుకున్నాడు. నేనే గెంటించాను.”

“ఓ, రహమాన్ గారా? ఆయన మా ఆఫీసే.”

“మీవాడేనా! మరి మీకు నష్టమొచ్చే మాట మాకెందుకు చెబుతాడు?”

“రిటైరయ్యారు లెండి. ఈ సీటు ఆయనదే. డాక్టరు ఎన్నాళ్ళ నుంచి అని రాశాడో ముందు అది చూసి క్లెయిము తిప్పికొట్టమని మాకు నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు ఆ ఆసుపత్రివాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదట.”

“మరి?”

“వాళ్ళావిడ నసీమున్నీసా గారికి గుండె జబ్బు చేసింది. ఎన్నాళ్ళ నుంచమ్మా అని డాక్టరు అడిగితే, ‘ఈయన్ని చేసుకున్నప్పటి నుంచీ’ అని నవ్విందట. డాక్టరు ముప్ఫై ఏళ్ళని రాశాడు.”

“ఆ తర్వాత?”

“రెండో ఆపరేషన్‌కి డబ్బు చాలక ఆవిడ పోయింది. మొదటి ఆపరేషన్ క్లెయిము తిప్పికొట్టింది నేనే. ఆయన నేర్పినట్టే.”

అని, ఆఫీసరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఆ కళ్ళు తుడుచుకోవడం ఒక్కటే. ఆయన అసలు తలెత్తనే లేదు. టీలో బిస్కెట్టు ముంచుకుంటూ ఇదంతా చెప్పి, “తర్వాత ఎవరండీ?” అన్నాడు.