వంకర కుట్టు

“వంకర! మల్ల వంకర! దారం పట్టుకొని కుడుతున్నవా, దారి తప్పి తిరుగుతున్నవానే?”

ముత్తవ్వ అరుపుకు గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. మనవరాలు సుమన మాత్రం కదల్లేదు. పదేళ్ల పిల్ల. అరుగు మీద పరిచిన బొంతకు ఒక మూల కూర్చుని, చేతిలో సూదితో, అవ్వ మొహంలోకి అమాయకంగా చూసింది.

బొంత మీద ముత్తవ్వ ఎప్పుడో వేసిన వరుసలు చెరుకు చాళ్లలా తిన్నగా పోతున్నాయి. వాటి పక్కన సుమన వేసిన వరుస, చెరుకు లారీకి ఎదురొచ్చిన తాగుబోతు సైకిలులా అటూ ఇటూ ఊగుతోంది. ఒక కుట్టు జొన్నగింజంత, దాని పక్క కుట్టు మక్కకంకంత.

“గిది కుట్టు గాదే, కుట్ర! విప్పు.”

సుమన విప్పింది. విప్పడంలో ఆ పిల్లను మించిన పనిమంతురాలు శక్కర్‌నగర్ మొత్తంలో లేదు. పొద్దున్నుంచి ఇది ఏడోసారి.

ఇవాళ శనివారం. సోమవారం పొద్దున్నే సుమన నిజామాబాద్ హాస్టల్‌కు పోతుంది. ముత్తవ్వ కుడిచెయ్యి మూడు నెలలుగా వణుకుతోంది. సూదిని బట్టలో దించబోతే వేలిలో దిగుతోంది. ఇక తగ్గదని దవాఖానలో చెప్పేశారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, మడత పడకుండా, అంచు నుంచి నడిమికి చుట్టూ తిరుగుతూ కుట్టే ఈ పని ఇంట్లో ఇంకెవరికీ రాదు. కోడలు అనసూయ గుండీ కుట్టబోతే అంగీతోపాటు తన కొంగు కూడా కుట్టేసుకునే రకం. మిగిలింది ఈ ఒక్క పిల్ల, ఈ ఒకటిన్నర రోజు.

ముత్తవ్వ గొంతు దించింది. “సూడు బిడ్డా. ఎడమచేత్తోని బట్టను కిందికెల్లి ఎత్తాలె. సూది బట్ట దిక్కు పోవుడు గాదు, బట్టనే సూది మీదికి రావాలె. సమజైందా?”

“అయింది అవ్వా.”

“ఏం సమజైంది? చెప్పు.”

“బట్టనే సూది మీదికి రావాలె. కుట్టు బియ్యపుగింజంత, వరుసకు వరుసకు నడుమ వేలెడు. మూలకాడ దారం తెంపొద్దు, తిప్పాలె. ఆఖరు మూలల నాలుగు బియ్యపుగింజలు పెట్టి మూయాలె, బొంత కడుపు ఖాళీగ ఉండొద్దని.”

ముత్తవ్వ నోరు తెరిచింది. “నోటికి గింత మంచిగ వచ్చింది, చేతికేమొచ్చిందే రోగం? గట్లనే కుట్టు మరి!”

సుమన కుట్టింది. వరుస పాములా మెలికలు తిరిగి ముత్తవ్వ వరుస మీదికే ఎక్కింది.

లోపలి నుంచి అనసూయ కేకేసింది. “ఇగ ఇడిసిపెట్టు అత్తమ్మా, దానికి రాదు. అంగట్ల మెత్తటి దుప్పట్లు ఎన్ని లేవు? ఈ బొంత చింత నీకెందుకు?”

“అంగట్ల దుప్పటి దొరుకుతది. నా చెయ్యి దొరుకుతదా?” ముత్తవ్వ వణికే చేతిని పైకెత్తింది. “మా అవ్వ ఈ పని నా చేతుల పెట్టి పోయింది. నేను దీని చేతుల పెట్టాలె. దీనికి వచ్చిందంటే సాలు, నిమ్మళంగ కన్ను మూస్త. గప్పటిదాంక యముడు దున్నపోతు మీద గాదు, డీసీఎం బండి మీద వచ్చినా ఎక్క!”

ఈ వారంలో ఆ మాట ఎన్నోసారో ఇంట్లో ఎవరికీ లెక్క లేదు. సుమన తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించింది.

“నీకు దండం పెడత బిడ్డా.” ముత్తవ్వ నిజంగానే చేతులు జోడించింది. జోడించిన చేతులు కూడా వణికాయి. “ఒక్క వరుస. ఒక్కటంటే ఒక్క వరుస సక్కగ కుట్టు. నా కండ్ల ముంగట.”

సుమన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవి కొరుక్కుంటూ కుట్టింది. అన్నిటికంటే ఆ వరుసే ఎక్కువ వంకరగా వచ్చింది.

ముత్తవ్వ బొంతను ఈడ్చి అవతల పారేసింది. “పో! హాస్టల్‌కే పో!”

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లి, పిల్ల బట్టలు పెట్టెలో సర్దసాగింది. అడుగున చేతికేదో తగిలింది. జానెడు బొంత, బొమ్మకు కప్పేంతది. కళ్లకంటే ముందు వేళ్లు చదివాయి. బియ్యపుగింజంత కుట్టు. వేలెడు సందు. మూల దగ్గర దారం తెగలేదు. ఆఖరు మూల నొక్కితే గింజలు తగిలాయి. నాలుగు.

‘గిది నా పనే. ఎప్పుడు కుట్టిన? చేతితోపాటు మతి గూడ పోయిందా?’

కిటికీ దగ్గరికి తెచ్చి చూసింది. నీలిరంగు బట్ట, సుమన బడి గౌనుది. ఆ గౌను పొట్టిదై పక్కన పడేసింది పోయిన నెలే. పోయిన నెలలో ముత్తవ్వ సూది పట్టనే లేదు.

“సుమనా!”

పిల్ల గుమ్మంలోకి వచ్చి, అవ్వ చేతిలోది చూసి తల దించుకుంది.

“ఎవరు కుట్టిండ్రే దీన్ని?”

“నేనే.”

“మరి నా ముంగట గట్ల వంకర పెడితివేందే? నన్ను ఏడిపిద్దామనా?”

సుమన ఒక్కసారిగా వెక్కింది. “నాకు వచ్చిందంటే కన్ను మూస్తనంటివి గద అవ్వా!”

ముత్తవ్వ కిటికీ కిందనే కూర్చుంది. వణికే వేలిని ఆ కుట్ల మీద ఒక్కొక్కటిగా నడిపించింది. ఒక్కటీ తప్పలేదు. మళ్లీ మొదటి నుంచి నడిపించింది. గొంతు సవరించుకుని, ఇంటి పైకప్పు ఎగిరేలా అరిచింది.

“కుట్టుడంటే గిట్లనా? మొత్తం వంకరనే! దసరా సెలవులకు జల్ది రా, మల్ల మొదటికెల్లి నేర్పిస్త!”