బూజు నీళ్లు

"నువ్వలా కళ్లప్పగించి చూస్తుంటే గొంతు దిగదే. వెళ్లి కాస్త చక్కెర పట్రా," అన్నాడు అన్న, గ్లాసు అందుకుంటూ.

చెల్లెలు వంటగదిలోంచి చెంచాడు చక్కెర తెచ్చేసరికి గ్లాసు ఖాళీ. అన్న మొహం చిట్లించి మూతి తుడుచుకుంటున్నాడు. రోజూ ఇదే తంతు.

"ఎలా ఉందన్నయ్యా ఇవాళ్టిది?"

"నీ బూజు నీళ్లకి నిన్నా ఇవాళా తేడా ఏముంటుందే డాక్టరమ్మా! దీనికంటే మా బస్సు రేడియేటర్లో నీళ్లే నయం."

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు మంచం దిగడమే గగనమైపోయింది.

ఆసుపత్రి వాళ్లు చేతులెత్తేశాక ఆమెకు మిగిలింది తన ల్యాబే. ఎండు కలప మీద ఎర్రటి విసనకర్రల్లా మొలిచే పుట్టగొడుగు ఒకటుంది. అది అన్న జబ్బుని లొంగదీస్తుందని ఆమె నమ్మకం. కలప మీద ఎదగాలంటే నెలలు పడుతుంది. అందుకే గాజు ఫ్లాస్కుల్లో తీపి నీళ్లు పోసి, షేకర్ మీద రాత్రింబవళ్లు ఊపుతూ పెంచేది. నీళ్లలో ఆవగింజలంత తెల్లటి ఉండలు కట్టేవి. కాచితే గుణం పోతుందని బతికున్నది బతికున్నట్టే ఇంటికి తెచ్చేది.

పెరగడం బాగానే పెరిగేది. పనిచేయడమే లేదు. అన్న రక్తపరీక్ష రిపోర్టు ప్రతిసారీ ముందటికంటే అధ్వానంగా వచ్చేది. ఫ్లాస్కుల్లో చక్కెర తగ్గించింది. పులుపు పెంచింది. వేడి మార్చింది, ఊపే వేగం మార్చింది. ఇది భేషుగ్గా ఉందనుకున్న పద్ధతిని కూడా మరుసటి రిపోర్టు చూసి వదిలేసింది. ఏడాదిపాటు నానా తంటాలూ పడింది. అన్న మాత్రం చిక్కి సగమయ్యాడు.

వెలుతురు పడటం లేదంటే కిటికీకి మందపాటి పరదా కట్టింది. పరదా వెనక, మంచం తలాపున, కుండీలో నిమ్మమొక్క ఎప్పుడో ఎండిపోయింది. పారేస్తానంటే ససేమిరా అన్నాడు.

"చచ్చిన మొక్కతో నీకేం పని?" అంది ఒళ్లు మండి.

"నాకు జోడీగా ఉండనీవే. నీకేం అడ్డం?"

ఆఖరి రోజుల్లో ఓసారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీ మందుని తిట్టుకోకే. దాని తప్పేం లేదు."

ఓదారుస్తున్నాడనుకుంది. వంటగదిలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

అన్న పోయాక ల్యాబుకి వెళ్లిన మొదటి రోజే డైరెక్టర్ పిలిపించాడు.

"ఇంకో ఏడాది చూద్దామా అమ్మా?"

"వద్దు సార్. పనిచేయదు. నా కళ్లతో నేనే చూశాను."

ఫ్లాస్కులన్నీ, విత్తనంగా దాచుకున్న గొట్టంతో సహా, తనే ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించేసింది. ఒక్క పోగు కూడా బతకనివ్వలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, అన్న పక్కబట్టలు మడతపెట్టి, గదికి కాస్త గాలి తగలనిద్దామని పరదా పక్కకి లాగింది.

కుండీలో నిమ్మమోడు నిండా, మొదలు నుంచి కొస దాకా, ఏడాదిగా తను గ్లాసులో పోసిచ్చిన పుట్టగొడుగు ఎర్రటి విసనకర్రలు విప్పుకుని ఉంది.