ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా

పటమటలో ఆ రాత్రి కరెంటు పోగానే అన్వరీకి మెలకువ వచ్చింది. ఫ్యాను ఆగినందుకు కాదు, వంటింట్లో ఫ్రిజ్ చప్పుడు ఆగినందుకు. అందులో పెరుగు గిన్నె పక్కన వైరస్‌లున్నాయి మరి!

కాలేజీ ల్యాబులో ఫ్రిజ్ చెడిపోయిందని కూతురు ఆఫ్రీన్ సాయంత్రం వాటిని డబ్బాలో పెట్టి తెచ్చింది.

"మన జోలికి రావమ్మీ. ఒంటి చుట్టూ గోడ లేని బుల్లి బ్యాక్టీరియా ఉంటుంది, దాన్నే పడతాయి. చల్లదనం పోయిందా, నా రెండేళ్ల కష్టం మట్టిపాలే."

"కరోనా కూడా మొదట్లో మన జోలికి రాదనే అన్నారు," అని గొణిగింది అన్వరీ.

ఇప్పుడు పిల్లకి రోగమొస్తుందని ఒక భయం, పిల్ల చదువు పోతుందని ఇంకో భయం. ఫ్రిజ్ తెరవకుండానే దువా చదివి, తలుపు రబ్బరు వదులైన సందులోకి ఉఫ్‌మని ఊదింది.

లోపలి నుంచి చల్లగా, మెల్లగా, ఎవరో తిరిగి ఊదారు.

"చీకట్లో ఏం చేస్తున్నావమ్మీ?" ఆఫ్రీన్ ఆవులిస్తూ వచ్చింది.

"నేను ఊదితే అవీ ఊదాయే!"

"వాటికి నోరే ఉండదు," అని నవ్వి, ఆఫ్రీన్ ఆ సందు దగ్గర చెవి పెట్టింది.

ఉఫ్.

నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి. నవ్వు ఆగిపోయింది.

"తెరిచి చూద్దామా?"

"వద్దమ్మీ."

"చల్లదనం పోతుందనా?"

ఆఫ్రీన్ మెల్లగా వచ్చి తల్లి వీపు వెనక నిలబడింది.